ఆ ‘ది’ ఎవరిది? అపాస్ట్రఫీ ఉన్న మాట ముందు ఆర్టికల్ ఎలా పెట్టాలి

మొన్న సాయంత్రం బ్యాచ్‌లో ఒకబ్బాయి బోర్డు మీద ఈ వాక్యం రాశాడు: “ఐ వెంట్ టు ది రవి’స్ మ్యారేజ్ ఇన్ ఎ మై బ్రదర్’స్ కార్.” రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, “సార్, ఎక్కడో తేడా కొడుతోంది, ఎక్కడో తెలీట్లేదు” అన్నాడు. తేడా కొడుతోందని తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కోసమే ఇది రాస్తున్నాను.

అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) పాఠం అయిపోయాక, పొసెసివ్ (‘ఎవరిది’ అని చెప్పే అపాస్ట్రఫీ, ఎస్) పాఠం కూడా అయిపోయాక, రెండూ ఒకే వాక్యంలో ఎదురుపడితే క్లాసులో సగం మంది ఆగిపోతారు. విడివిడిగా రెండూ వచ్చినవాళ్ళే. కలిసొస్తేనే టెన్షన్.

ఉదాహరణలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. అపాస్ట్రఫీ ఎక్కడుందో కనబడాలి కాబట్టి ఆ చిన్న కొమ్మును మాత్రం అలాగే ఉంచాను. చదివేటప్పుడు పైకే చదవండి. ఇది కంటికంటే చెవికి త్వరగా అందుతుంది.

ముందు మన అలవాటు సంగతి

తెలుగులో ఆర్టికల్స్ లేవు. ‘ఒక’, ‘ఆ’ ఉన్నాయి గానీ అవి అవసరమైతేనే వస్తాయి, లేకపోయినా వాక్యానికి లోటుండదు. ఇక షష్ఠీ విభక్తి విషయానికొస్తే, బడిలో “కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్” అని వల్లె వేశాం గానీ ఇంట్లో ఎవరూ “రవి యొక్క పెళ్ళి” అనరు. రవి పెళ్ళి, అంతే. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, చెయ్యి ‘చేతి’ అవుతుంది, చాలా మాటలు ఏ మార్పూ లేకుండా పక్కపక్కన కూర్చుంటాయి.

అందుకని “ది మేనేజర్’స్ లాప్‌టాప్” అన్నప్పుడు మన మనసు నేరుగా లాప్‌టాప్ దగ్గరకు పోతుంది. మాట్లాడుతున్నది దాని గురించే కదా, కాబట్టి ముందున్న ‘ది’ కూడా దానిదే అనుకుంటాం. పొరపాట్లన్నీ ఇక్కడే మొదలవుతాయి. ఆ ‘ది’ లాప్‌టాప్‌ది కాదు, మేనేజర్‌ది.

మొదటి పని: చేయి అడ్డం పెట్టండి

అపాస్ట్రఫీ నుంచి కుడివైపు ఉన్నదంతా అరచేత్తో మూసేయండి. నిజంగానే, కాగితం మీద చేయి పెట్టి. ఎడమవైపు మిగిలినదానితో ఒక చిన్న వాక్యం చెప్పి చూడండి.

“ది మేనేజర్’స్ లాప్‌టాప్”లో చేయి పెడితే “ది మేనేజర్” మిగులుతుంది. “ది మేనేజర్ కేమ్.” బాగుంది, ఉంచేయండి.

బోర్డు మీది వాక్యానికి వద్దాం. “ది రవి’స్ మ్యారేజ్”లో మిగిలేది “ది రవి”. “ది రవి కేమ్” అని ఎవరైనా అంటారా? అనరు. ‘ది’ కొట్టేయండి. “ఎ మై బ్రదర్’స్ కార్”లో మిగిలేది “ఎ మై బ్రదర్”. “ఎ మై బ్రదర్ కేమ్” అనీ అనరు. ‘ఎ’ కూడా పోయింది. ఇప్పుడు వాక్యం: “ఐ వెంట్ టు రవి’స్ వెడ్డింగ్ ఇన్ మై బ్రదర్’స్ కార్.” మ్యారేజ్ తీసి వెడ్డింగ్ ఎందుకు పెట్టానంటే వేడుకను వెడ్డింగ్ అంటారు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి నడిచేది మ్యారేజ్.

ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న మంచిది: “మరి కార్‌కి ఆర్టికల్ అక్కర్లేదా సార్? సింగులర్ కదా?” అక్కర్లేదు. అపాస్ట్రఫీతో వచ్చిన మాట ఆ కార్ ముందు ఆర్టికల్ చేసే పనిని తనే చేసేస్తుంది. ఏ కార్? మై బ్రదర్’స్ కార్. ఇక ‘ది’కి పనేముంది? అందుకే “మై బ్రదర్’స్ ది కార్” అని ఇంగ్లిష్‌లో ఎక్కడా కనబడదు.

నమ్మకం కుదరకపోతే ‘ఆఫ్’ పెట్టి చూడండి. “ది డాటర్ ఆఫ్ ది వాచ్‌మన్” అంటే అందులో రెండు ‘ది’లు ఉన్నాయి, కూతురికొకటి, వాచ్‌మన్‌కొకటి. దాన్నే “ది వాచ్‌మన్’స్ డాటర్” చేస్తే ఒక్కటే మిగిలింది. మిగిలింది ఎవరిది? వాచ్‌మన్ ఎవరో తెలియదనుకోండి: “ది డాటర్ ఆఫ్ ఎ వాచ్‌మన్”. అది “ఎ వాచ్‌మన్’స్ డాటర్” అవుతుంది. వాచ్‌మన్ ముందున్నది మారగానే మొత్తం మాట ముందున్నదీ మారింది. నాది, నీది అన్నట్టే ఇదీ. ఈ ‘ది’ యజమానిది.

యజమానులు వరసగా ఉన్నా ఇదే లెక్క. “ది మేనేజర్’స్ వైఫ్’స్ బ్రదర్” అన్నా ముందు ఒక్క ఆర్టికలే, అది మొదటాయనకే. మధ్యలో ఇంకోటి దూర్చకండి.

రెండో పని: ‘ఎ’నా, ‘ది’నా? యజమానిని అడగండి

చేయి అడ్డం పెట్టాక మిగిలే ప్రశ్న మామూలు ఆర్టికల్ ప్రశ్నే. ఏ మేనేజర్ అన్నది వినేవాళ్ళకు తెలుసా? తెలిస్తే ‘ది’, ఎవరైనా ఒకరైతే ‘ఎ’.

దీని విలువ నాకు ఒక మెయిల్ నేర్పింది. పాఠాలు చెప్పడానికి ముందు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఒక రీఫండ్ విషయంలో వేరే టీమ్‌కి మెయిల్ పెడుతూ “ప్లీజ్ గెట్ ఎ మేనేజర్’స్ అప్రూవల్” అని రాశాను. నా ఉద్దేశం మా మేనేజర్. మా ఫ్లోర్‌లో మేనేజర్లు ముగ్గురు. వాళ్ళు చక్కగా అందరిలోకీ తేలిగ్గా సంతకం పెట్టే ఆయన దగ్గరకు వెళ్ళి అప్రూవల్ తెచ్చుకున్నారు. మా మేనేజర్ నన్ను పిలిచి మెయిల్ స్క్రీన్ మీద పెట్టి, ఆ ఒక్క అక్షరం మీద కర్సర్ ఆపి కూర్చున్నాడు. వాళ్ళను అనడానికి లేదు. రాసినదాని ప్రకారమే చేశారు. తప్పంతా నా ‘ఎ’ది.

ఇక ‘ఎ’ కావాలని తేలాక అది ‘ఎ’నా ‘యాన్’నా అన్న సందేహం వస్తుంది. ఇక్కడ మాత్రం అర్థంతో పనిలేదు, ఆర్టికల్‌కి ఆనుకుని వచ్చే మాట శబ్దం చూస్తే చాలు. దీనికి తెలుగువాళ్ళకో సౌకర్యం ఉంది. ఆ మాటను తెలుగులో రాయండి. ఎక్కువసార్లు మొదటి అక్షరం అచ్చయితే ‘యాన్’, హల్లయితే ‘ఎ’ (యాక్టర్, యాంకర్ లాంటివి మాత్రం మనం ‘యా’తో రాసినా ఇంగ్లిష్‌లో అచ్చుతోనే మొదలవుతాయి, వాటికి ‘యాన్’). ఎమ్మెల్యే అచ్చుతో మొదలైంది, “యాన్ ఎమ్మెల్యే’స్ కార్”. ఎస్ఐ కూడా అంతే, “యాన్ ఎస్ఐ’స్ జీప్”. యూనివర్సిటీ ‘య’తో మొదలైంది, “ఎ యూనివర్సిటీ’స్ రూల్స్”. అవర్ అచ్చు, “యాన్ అవర్’స్ వెయిట్”. గోడల మీద “యం.ఎల్.ఎ.” అని రాస్తారు చూడండి, ఆ స్పెల్లింగ్ నమ్ముకుంటే మాత్రం మునిగిపోతారు. మధ్యలో విశేషణం దూరితే దాని శబ్దమే లెక్క: “ఎ ఫ్రెండ్’స్ హౌస్”, కానీ “యాన్ ఓల్డ్ ఫ్రెండ్’స్ హౌస్”.

‘మై’, ‘యువర్’, ‘దిస్’, ‘ఎవ్రీ’ లాంటివి యజమాని ముందు కూర్చుంటే ఆర్టికల్‌కి చోటు లేదు. “దిస్ షాప్’స్ ఓనర్”, “ఎవ్రీ స్టూడెంట్’స్ బ్యాగ్”. ఒక సీట్లో ఒక్కరే.

పేర్ల దగ్గర

మనుషుల పేర్లకు, ఊళ్ళ పేర్లకు ఏమీ అక్కర్లేదు. “లక్ష్మి’స్ స్కూటీ”, “హైదరాబాద్’స్ ట్రాఫిక్”. చెరువులూ సరస్సులూ అంతే, “హుస్సేన్ సాగర్’స్ బుద్ధ స్టాచ్యూ”. కానీ నదులకు ‘ది’ ఉంటుంది. “ది మూసీ” అంటాం కాబట్టి 1908 వరద గురించి రాస్తే “ది మూసీ’స్ వర్స్ట్ ఫ్లడ్” అని రాస్తాం. నిజాం అన్నది బిరుదు, పేరు కాదు. కాబట్టి “ది నిజామ్’స్ జ్యువెల్స్”.

మరి పంజాగుట్టలో బోర్డు మీద “నిజామ్’స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్” అని ‘ది’ లేకుండానే ఉంది కదా అంటారు. బోర్డుల మీద ఆర్టికల్స్ రాయడం తక్కువ. వాక్యంలోకి వచ్చేసరికి చేరుతుంది: “షి వర్క్స్ ఎట్ ది నిజామ్’స్ ఇన్‌స్టిట్యూట్.” అదే పొట్టిగా నిమ్స్ అంటే మళ్ళీ పోతుంది, “షి వర్క్స్ ఎట్ నిమ్స్.” ఒక మాటలా పలికే పొట్టి పేర్లకు సాధారణంగా ‘ది’ ఉండదు, “ఇస్రో’స్ రాకెట్”. అక్షరం అక్షరం పలికే ప్రభుత్వ సంస్థలకు ఎక్కువగా ఉంటుంది, “ది సీబీఐ’స్ ఆఫీసర్స్”. అక్షరాలుగా పలికినా కంపెనీలకు ఉండదు, “టీసీఎస్’స్ ఆఫీస్”. ఇవన్నీ బట్టీ పట్టకండి. అపాస్ట్రఫీ లేకుండా ఆ పేరును ఎలా అంటారో అలాగే అనండి, చేయి అడ్డం పెట్టే పద్ధతి ఇక్కడా చెల్లుతుంది.

ఒక్క చోట మాత్రం మనిషి పేరుకు ‘ది’ వస్తుంది, ఇంటిల్లిపాదినీ కలిపి చెప్పినప్పుడు. “ది రెడ్డీస్’ హౌస్” అంటే రెడ్డిగారి కుటుంబం ఇల్లు. అపాస్ట్రఫీ చివర్న, ఎస్ తర్వాత. ఆయన ఒక్కడిదే అయితే “మిస్టర్ రెడ్డి’స్ హౌస్”.

‘టుడే’, ‘యెస్టర్‌డే’ కూడా పేర్ల లెక్కే. “ది టుడే’స్ పేపర్” అనకండి, “టుడే’స్ పేపర్” చాలు.

చేయి అడ్డం పెట్టినా పని చెయ్యని చోటు

ఎస్సార్ నగర్ సందుల్లో నడిస్తే తలెత్తిన ప్రతిచోటా హాస్టల్ బోర్డే. ఒకటో రెండో అంతస్తు బాల్కనీకి వేలాడుతూ, ఏసీ, నాన్ ఏసీ, హోమ్ ఫుడ్ అని రాసి ఉంటుంది. అలాంటి బోర్డు ఒకటి చూసి ఒకమ్మాయి అడిగింది: “సార్, ‘ఎ విమెన్’స్ హాస్టల్’ అంటారు కదా. మీరు చెప్పినట్టు చేయి పెడితే ‘ఎ విమెన్’ మిగులుతోంది. విమెన్ ప్లూరల్. మరి ‘ఎ’ ఎలా వచ్చింది?”

నా పద్ధతిని అంత చక్కగా పడగొట్టినవాళ్ళు లేరు.

ఇక్కడ ‘విమెన్’స్’ అన్నది యజమాని కాదు. ఆ హాస్టల్ ఎవరో ఆడవాళ్ళ ఆస్తి అని చెప్పడం లేదు, ఎలాంటి హాస్టలో చెబుతోంది. బాయ్స్ హాస్టల్ కాదు, ఆడవాళ్ళ హాస్టల్, అది దాని రకం. రకం చెప్పే మాట విశేషణం లాంటిది. అందుకే ముందున్న ‘ఎ’ హాస్టల్‌ది. “ఎ బిగ్ హాస్టల్” అన్నట్టే “ఎ విమెన్’స్ హాస్టల్”.

కాబట్టి చేయి అడ్డం పెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. అపాస్ట్రఫీ మాట “ఎవరిది?” అన్నదానికి జవాబా, “ఎలాంటిది?” అన్నదానికి జవాబా? “ఎవరిది” అయితే ఆర్టికల్ యజమానిది. “ఎలాంటిది” అయితే ఆర్టికల్ చివర్లో ఉన్న వస్తువుది.

ఎ చిల్డ్రన్’స్ హాస్పిటల్, ఎ మెన్’స్ సెలూన్, ఎ బ్యాచిలర్’స్ డిగ్రీ, ఎ మాస్టర్’స్ డిగ్రీ, అన్నీ ఈ జాతివే. ఇంటర్వ్యూల్లో “ఐ హావ్ మాస్టర్’స్ డిగ్రీ ఇన్ కామర్స్” అని ఆర్టికల్ మింగేస్తారు. మాస్టర్ అనే ఆయన డిగ్రీ కాదు అది, డిగ్రీ రకం. డిగ్రీ ఒక్కటి, లెక్కపెట్టగలిగినది, కాబట్టి “ఐ హావ్ ఎ మాస్టర్’స్ డిగ్రీ”. రెజ్యూమేలో ఇది ఒక్కసారి సరిచూసుకోండి చాలు.

విశేషణం కలిస్తే ఇంకా సరదాగా ఉంటుంది. “యాన్ ఓల్డ్ విమెన్’స్ కాలేజ్ ఇన్ కోఠీ.” ఓల్డ్ ఎవరు, ఆడవాళ్ళా, కాలేజా? కోఠీ విమెన్స్ కాలేజ్ (ఇప్పుడది యూనివర్సిటీ అయింది) 1924లో మొదలైంది, పాతది కాలేజే. అది మనకు తెలుసు కాబట్టి సరే. తెలియనివాళ్ళకు ‘యాన్’ కూడా తేల్చి చెప్పదు. అది కాలేజ్‌ది అన్నది నిజమే, కానీ ‘ఓల్డ్’ ఎవరిదో దాన్నిబట్టి తెలియదు. “ది ఓల్డ్ విమెన్’స్ కాలేజ్” అన్నా అంతే, రెండర్థాలూ తోస్తాయి.

కొన్ని మాటలు రెండు వైపులా వాలతాయి. “ఎ చైల్డ్’స్ సైకిల్” అంటే ఎవరో ఒక పిల్లవాడి సైకిల్ కావచ్చు, పిల్లల సైజు సైకిల్ కావచ్చు. వాక్యం చూసి తేల్చుకోవడమే. షాపులో సెకండ్ హ్యాండ్ సైకిళ్ళ మధ్య నిలబడి అడిగితే రకం, ఇంటి ముందు ఎవరిదో సైకిల్ అడ్డంగా ఉందని గొణిగితే యజమాని.

“నా ఒక ఫ్రెండ్” సమస్య

తెలుగులో “మా ఫ్రెండ్ ఒకడు”, “డాక్టరు గారి ఆ పాత కారు” అని హాయిగా అంటాం. యజమానీ ఉంటాడు, వస్తువు ముందు ‘ఒక’నో ‘ఆ’నో కూడా ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ రెండూ వస్తువు ముందు పక్కపక్కన కూర్చోలేవు. “ఎ మై ఫ్రెండ్” కుదరదు, “ది డాక్టర్’స్ దట్ ఓల్డ్ కార్” కుదరదు.

అప్పుడు వస్తువును ముందుకు తెచ్చి, ‘ఆఫ్’ వేసి, యజమానిని వెనక్కి పంపండి. “ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్.” “దట్ ఓల్డ్ కార్ ఆఫ్ ది డాక్టర్’స్.” “ఎ ఫ్రెండ్ ఆఫ్ మై ఫాదర్’స్.” ‘ఆఫ్’ కూడా ఉండి అపాస్ట్రఫీ కూడా ఉండటం వింతగా అనిపిస్తుంది గానీ అది సరైనదే. ‘ఆఫ్ మి’ అనకుండా ‘ఆఫ్ మైన్’ అంటున్నాం చూడండి, అలాగే.

హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా వినపడే “వన్ ఆఫ్ మై ఫ్రెండ్” కూడా ఈ ఇరుకులోంచి పుట్టిందే. అలా చెప్పదలచుకుంటే ఎస్ చేర్చండి, “వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్”. ఉన్న చాలామందిలో ఒకడు కదా.

లీవ్ లెటర్ దగ్గర ఆగేవాళ్ళకు

రోజులూ గంటలూ కూడా అపాస్ట్రఫీ తగిలించుకుంటాయి. ఒక్క రోజైతే “ఎ డే’స్ లీవ్”, ఒక్క గంటైతే “యాన్ అవర్’స్ డ్రైవ్”. రెండు రోజులైతే “టూ డేస్’ లీవ్”, ముందు ఏమీ వద్దు. “ఐ నీడ్ ఎ టూ డేస్ లీవ్” అని రాసి చేయి అడ్డం పెడితే “ఎ టూ డేస్” మిగులుతుంది, చూడగానే వంకర తెలుస్తుంది.

‘ఎ’ పెట్టాలని మరీ ఉంటే అపాస్ట్రఫీ, ఎస్ రెండూ తీసేసి గీత పెట్టండి: “ఎ టూ-డే ట్రిప్”, “ఎ టెన్-మినిట్ వాక్”. ఇక్కడ ‘ఎ’ ట్రిప్‌ది, వాక్‌ది. సికింద్రాబాద్ నుంచి హైటెక్ సిటీకి “యాన్ అవర్’స్ డ్రైవ్” అని చెప్పండి, వాన పడితే ‘టూ అవర్స్’’ అని దిద్దుకోండి.

“ఐ యామ్ గోయింగ్ టు ది డాక్టర్’స్” లాంటివి వింటే కంగారు పడకండి. వెనక క్లినిక్ అనే మాట మింగేశారు, ‘ది’ మామూలుగానే డాక్టర్‌ది.

ఇక మీరు చేయండి

ఇది మా క్లాసులో ఇచ్చే లీవ్ మెయిల్. తప్పులు నావే, కావాలని పెట్టినవి. కింద చూడకుండా ముందు పెన్సిల్‌తో దిద్దండి.

“ది మై కజిన్’స్ మ్యారేజ్ ఈజ్ ఇన్ వరంగల్’స్ ఫంక్షన్ హాల్. ఐ నీడ్ ఎ త్రీ డేస్ లీవ్. ఐ హావ్ ది రమేశ్’స్ కన్సెంట్ అండ్ టీమ్ లీడ్’స్ అప్రూవల్. ఎ మై ఫ్రెండ్ విల్ డు మై వర్క్.”

దిద్దాక ఇలా ఉండాలి:

“మై కజిన్’స్ వెడ్డింగ్ ఈజ్ ఇన్ ఎ ఫంక్షన్ హాల్ ఇన్ వరంగల్. ఐ నీడ్ త్రీ డేస్’ లీవ్. ఐ హావ్ రమేశ్’స్ కన్సెంట్ అండ్ ది టీమ్ లీడ్’స్ అప్రూవల్. ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్ విల్ డు మై వర్క్.”

ఎక్కువమంది వదిలేసేవి రెండు. మొదటిది వరంగల్. “వరంగల్’స్ ఫంక్షన్ హాల్”లో చేయి పెడితే “వరంగల్” మిగులుతుంది, బాగానే ఉంది అనుకుని దాటేస్తారు. కానీ అపాస్ట్రఫీ ‘ది’ పని చేస్తుందని చెప్పాను కదా. అలా రాస్తే వరంగల్ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క ఫంక్షన్ హాలే అన్నట్టు వస్తుంది. ఏదో ఒక హాల్ అని చెప్పాలంటే ‘ఎ’ కావాలి, ‘ఎ’ కావాలంటే అపాస్ట్రఫీ తప్పుకోవాలి.

రెండోది టీమ్ లీడ్. ‘ది’ ఎక్కువైన చోట కొట్టేయడం అలవాటయ్యాక, కావలసిన చోట పెట్టడం మర్చిపోతారు. రమేశ్ పేరు, టీమ్ లీడ్ హోదా. రమేశే టీమ్ లీడ్ అయితే ఆ వాక్యంలో ఒకటి తీసేయండి, ఆయనకు రెండు మెయిళ్ళు పెట్టే పని తప్పుతుంది.